అద్దె ఇంటి హాల్లో 5.1 హోమ్ థియేటర్: మాటలు వినపడేలా అమర్చుకోవడం ఎలా?

“ఫైట్లు వస్తే కిటికీలు ఊగుతున్నాయి, మాటలు మాత్రం వినపడటం లేదు. స్పీకర్లు మార్చాలా?” బెంగళూరులో మారతహళ్లి నుంచి, బీటీఎం నుంచి, వైట్‌ఫీల్డ్ నుంచి మనవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. టీవీ కొన్నారు, 5.1 సెట్టు (ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, వెనక రెండు, ఈ ఐదు స్పీకర్లకు తోడు బాస్ కోసం ఒక సబ్‌వూఫర్) కొన్నారు, బిగించే కుర్రాడు వచ్చి పావుగంటలో బిగించేసి వెళ్లిపోయాడు. ఇక అప్పటినుంచి ఇంట్లో ఒకరు సినిమా అయ్యేదాకా రిమోట్ పట్టుకునే కూర్చోవాలి. మాటలొస్తే పెంచాలి, ఫైటొస్తే తగ్గించాలి. మా ఇంట్లో ఆ డ్యూటీ అమ్మది.

స్పీకర్లు మార్చక్కర్లేదు. చాలా ఇళ్లలో తప్పు డబ్బాలో ఉండదు, దాన్ని పెట్టిన చోటులోనూ సెట్టింగుల్లోనూ ఉంటుంది. నేను బెంగళూరులో నాలుగు ఇళ్లు మారాను, నాలుగింట్లోనూ ఇదే సెట్టు. మొదటి ఇంట్లో ఎనిమిది నెలల పాటు వెనక స్పీకర్లు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ పెట్టుకుని విన్నాను. హెలికాప్టర్ తెర మీద కుడికి వెళ్తుంటే చప్పుడు ఎడమ చెవి వెనక్కి పోయేది. అదేదో గొప్ప ఎఫెక్ట్ అనుకున్నాను! కాబట్టి ఎవరినీ వెక్కిరించే అర్హత నాకు లేదు.

ఇంకా కొనకపోతే ఒక్క మాట. సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్ డబ్బా) సెట్టు అయితే వైర్లు తక్కువ, ఇల్లు మారడం సులువు. రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే డబ్బా), విడి స్పీకర్లు అయితే శబ్దం మెరుగు, రేపు ఒక స్పీకర్ పోయినా అది ఒక్కటే మార్చుకోవచ్చు. ‘వైర్‌లెస్ వెనక స్పీకర్లు’ అంటే కరెంటు వైరు కూడా ఉండదని కాదు. వాటికి సోఫా వెనక ప్లగ్ పాయింట్ కావాలి. ఆ పాయింట్ ఉందో లేదో చూసుకున్నాకే కొనండి. డబ్బా మీద పీఎంపీఓ అని వేల వాట్లు రాసి ఉంటే దాన్ని పట్టించుకోకండి, ఆర్ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్, ఎంతో అడగండి.

కావలసినవి

కొలత టేపు, రంగులేసేవాళ్లు వాడే మాస్కింగ్ టేపు, వైరు తొక్క తీసే స్ట్రిప్పర్, మార్కర్ పెన్ను, ఒక పెన్సిల్ సెల్లు, హెచ్‌డీఎంఐ కేబుల్, స్పీకర్ వైరు, సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న స్పైక్ గార్డు, ఒక కెమెరా ట్రైపాడ్. ట్రైపాడ్ లేకపోతే ఒక స్టూలు, కొన్ని లావుపాటి పుస్తకాలు చాలు. తీరిగ్గా ఒక పూట కూడా కావాలి.

స్పీకర్ వైరు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మామూలు హాలుకి 16 గేజ్ వైరు చాలు. టౌన్ హాల్ దగ్గరి ఎస్పీ రోడ్డులో ఒకే రంగు తొడుగుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి అసలు రాగి, రెండోది అల్యూమినియం మీద రాగి పూత. రీలు మీద సీసీఏ అని ఉంటే అది రెండోది. ఏమీ రాసి లేకపోతే ఒక్క పోగు లాగి బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనపడితే అల్యూమినియమే. అది పనిచేయదని కాదు కానీ, నిరోధం ఎక్కువ, మెలితిప్పితే పోగులు పుటుక్కున తెగుతాయి. రాగి ధర ఇచ్చి దాన్ని తెచ్చుకోకండి.

ఎన్ని మీటర్లు కావాలో గాల్లో కొలవకండి. గోడ వెంట, గుమ్మం చుట్టూ, స్కర్టింగ్ మీదుగా టేపు వేసి కొలిచి, ప్రతి స్పీకరుకీ ఒక మీటరు ఎక్కువ కలపండి.

1. సోఫాను గోడ నుంచి ముందుకు జరపండి

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. అందరూ వాయిదా వేసేదీ ఇదే. సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటే తలకు దగ్గరగా బాస్ పోగుపడుతుంది, శబ్దం ముద్దముద్దగా తయారవుతుంది. ఒకటిన్నర అడుగు జరిపితే మంచిది, అడుగు జరిపినా తేడా తెలుస్తుంది. ఊడ్చడానికి కూడా వీలు, ఇంట్లో ఒప్పించడానికి ఆ మాట పనికొస్తుంది.

ఇప్పుడు సోఫాలో కూర్చున్న మనిషి కళ్ల నుంచి టీవీ దాకా కొలవండి. 4కే టీవీ అయితే 55 అంగుళాలకు ఏడెనిమిది అడుగులు, 65కు ఎనిమిది తొమ్మిది అడుగులు బాగుంటుంది.

2. టీవీని కిందికి దించండి

గుళ్లో దేవుడి పటంలా టీవీని పైన తగిలించడం మన హాళ్లలో మామూలైపోయింది. కూర్చున్నప్పుడు కళ్లు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం ఇంచుమించు అక్కడ ఉండాలి. టీవీ పైకెక్కితే మెడనొప్పి ఎలాగూ వస్తుంది. దానికి తోడు సెంటర్ స్పీకర్ కింద ఎక్కడో ఉండిపోయి, మొహం ఒక చోట, మాట ఒక చోట అవుతుంది.

అద్దె ఇంట్లో గోడకు డ్రిల్ పెట్టే ముందు ఓనరును అడగండి, వాట్సాప్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఖాళీ చేసే రోజున అడ్వాన్సులోంచి పెయింటింగ్‌కి ఎంత కోస్తారన్న టెన్షన్ మనందరికీ తెలిసిందే. అనుమతి రాకపోతే టేబుల్ స్టాండే మేలు. జిగురు హుక్కులకు స్పీకర్లు తగిలించకండి. అవి టవల్ మోయడానికే.

3. స్పీకర్ల చోట్లు మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టండి

వైరు కోయడానికి ముందే నేల మీద టేపు ముక్కలు అంటించి చూసుకోండి.

సెంటర్ స్పీకర్: సినిమాలో మాటలు చాలావరకు దీంట్లోంచే వస్తాయి. మీ ఫిర్యాదంతా దీని గురించే. టీవీ కిందే, తెరకు మధ్యగా పెట్టండి. షెల్ఫు లోపలికి తోసేస్తే మాటలు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి, కాబట్టి దాని ముందు అంచు షెల్ఫు అంచుకు సమానంగా రావాలి. మోకాళ్ల ఎత్తులో ఉంటే ముందు భాగం కింద రెండు రబ్బరు బిళ్లలు పెట్టి, మూతి మీ మొహం వైపు ఎత్తండి. కూర్చుని చూస్తే దాని ముందు పూలకుండీ, ఫొటో ఫ్రేము, సెట్‌టాప్ బాక్స్ ఏదీ అడ్డు రాకూడదు.

ముందు రెండూ: ఒకదానికొకటి ఎంత దూరమో, మీ నుంచి కూడా దాదాపు అంతే దూరం. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే వాటి మధ్య ఆరున్నర నుంచి ఎనిమిది అడుగులు ఉండాలి. ట్వీటర్ (స్పీకర్లో సన్నటి శబ్దాలిచ్చే చిన్న భాగం) చెవి ఎత్తులో, మూతి మీ వైపు తిరిగి.

వెనక రెండూ: పేరుకే వెనక. సరిగ్గా చెప్పాలంటే మీ చెవులకు పక్కగా, కొద్దిగా వెనక్కి. ఎత్తు చెవి దగ్గర నుంచి దానికి అడుగు, రెండడుగుల పైదాకా ఉండొచ్చు. అపార్ట్‌మెంట్ హాల్లో ఒకవైపు బాల్కనీ గాజు తలుపు, ఇంకోవైపు డైనింగ్, గోడే ఉండదు. అలాంటప్పుడు నేల మీద నిలబెట్టే స్టాండ్లు వాడండి. రెండిటి ఎత్తూ, దూరమూ సమానంగా కుదరకపోయినా ఫరవాలేదు, దూరాల తేడా రిసీవర్ సరిచేస్తుంది. రెండూ తెచ్చి టీవీ పక్కనే నిలబెడితే మాత్రం ఏ రిసీవరూ ఏమీ చేయలేదు. ఇలా పెట్టిన ఇళ్లు చాలా చూశాను.

ఇప్పుడు హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ‘ట్రింగ్’ మని గోడల మధ్య మోగితే మాటలు అర్థం కాకపోవడానికి అదీ ఒక కారణం. మన హాళ్లన్నీ నున్నటి టైల్సు, గాజు తలుపులు. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ వేసి, బాల్కనీ తలుపుకు బరువైన కర్టెన్ కట్టి మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. గుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి, వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

4. వైర్లు కలపండి

ముందు రిసీవర్ ప్లగ్గు గోడలోంచి తీసేయండి. స్విచ్ ఆపడం చాలదు.

వైరు చివర ఒక సెంటీమీటరు మేర తొక్క తీసి, పోగులన్నీ వేళ్లతో గట్టిగా ఒకవైపే మెలితిప్పండి. వైరులో ఒక తీగ మీద గీతో రంగో ఉంటుంది. దాన్ని అన్ని స్పీకర్లకూ ఎర్ర టెర్మినల్‌కే కలపండి, రెండో తీగ నల్లదానికి. బిగించాక ఫోన్ టార్చి వేసి చూడండి. తల వెంట్రుకంత పోగు ఒక్కటి బయటికొచ్చి పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అవుతుంది. అదృష్టం బాగుంటే రిసీవర్ ‘ప్రొటెక్ట్’ అని చూపించి ఆగిపోతుంది. బాగోకపోతే దాని లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది.

ప్రతి వైరుకీ రెండు చివర్లా టేపు చుట్టి ‘వెనక ఎడమ’, ‘వెనక కుడి’ అని రాయండి. ఎడమ అంటే సోఫాలో కూర్చుని టీవీ వైపు చూస్తున్నప్పుడు మీ ఎడమ. నా ఎనిమిది నెలల హెలికాప్టర్ కథ ఇక్కడే మొదలైంది.

ఎర్రా నల్లా తారుమారు అయ్యాయన్న అనుమానం ఉంటే, రిసీవర్ వైపు చివరలు విప్పి, పెన్సిల్ సెల్లు ప్లస్సుకు గీత ఉన్న తీగను, మైనస్సుకు రెండోదాన్ని అర క్షణం తాకించండి. వూఫర్ (స్పీకర్లో బాస్ ఇచ్చే పెద్ద గుండ్రటి భాగం) కోన్ బయటికి వస్తే సరి, లోపలికి పోతే తారుమారు. వూఫరుకే ఈ పరీక్ష. సెల్లు తాకించి అలాగే పట్టుకోకండి.

సబ్‌వూఫరుకి ఒక ప్రత్యేక కేబుల్ ఉంటుంది, రిసీవర్ మీద ‘సబ్ అవుట్’ అన్న చోటికి.

5. టీవీకీ రిసీవరుకీ మధ్య ఒక్క కేబుల్

టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులన్నీ ఒకటి కాదు. ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని రాసి ఉన్నదొక్కటే శబ్దాన్ని బయటికి పంపుతుంది. అక్కడి నుంచి రిసీవర్ మీద ‘హెచ్‌డీఎంఐ అవుట్, ఏఆర్‌సీ’ అన్న చోటికి కలపండి. ‘ఇన్’లో పెట్టి శబ్దం రాలేదని ఫోన్లు చేసేవాళ్లు చాలామంది.

ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. ఓటీటీ యాప్‌లు పంపే 5.1కి అది సరిపోతుంది. బ్లూరే డిస్కులోని నష్టంలేని ఆడియో టీవీ మీదుగా రిసీవరుకు చేరాలంటే దాని మెరుగైన రూపం ఈఏఆర్‌సీ కావాలి. పాత టీవీలో రెండూ లేకపోతే ఆప్టికల్ కేబుల్ వాడండి, మామూలు డాల్బీ డిజిటల్ 5.1 దాంట్లోనూ వెళ్తుంది.

6. టీవీ సెట్టింగులు: అసలు దొంగ ఇక్కడున్నాడు

ఆరు డబ్బాలు మోగుతుంటాయి కాబట్టి 5.1 వస్తోందని అనుకుంటాం. నిజానికి టీవీ రెండు చానెళ్లే, అంటే రెండు స్పీకర్ల శబ్దమే, పంపుతూ ఉండొచ్చు, రిసీవర్ దాన్నే ఆరింటికి పంచుతూ ఉండొచ్చు. టీవీలో సౌండ్ మెనూ తెరిచి మూడు పనులు చేయండి.

సౌండ్ అవుట్‌పుట్‌ను టీవీ స్పీకర్ల నుంచి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి మార్చండి. డిజిటల్ ఆడియో అవుట్ అన్నది ‘పీసీఎం’ మీద ఉంటే ‘ఆటో’ లేదా ‘బిట్‌స్ట్రీమ్’ లేదా ‘పాస్‌త్రూ’ చేయండి. ఆ తర్వాత సీఈసీ (టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సదుపాయం) ఆన్ చేయండి. దీన్నే శాంసంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. రిసీవర్ మెనూలో కూడా సీఈసీ, ఏఆర్‌సీ రెండూ ఆన్ చేయాలి.

ఇక ఓటీటీలో సినిమా పెట్టి ఆడియో జాబితా తెరవండి. ‘తెలుగు’, ‘తెలుగు 5.1’ అని విడివిడిగా ఉంటే రెండోది ఎంచుకోండి. కొన్ని సినిమాలకు 5.1 ఉండనే ఉండదు, కొన్నింటికి మీ ప్లాన్‌ను బట్టి వస్తుంది. డీటీహెచ్ అయితే సెట్‌టాప్ బాక్స్ ఆడియో సెట్టింగుల్లోనూ డాల్బీ ఎంచుకోవాలి. అయినా చాలా చానెళ్లు రెండు స్పీకర్ల శబ్దమే పంపుతాయి.

సరిగ్గా వస్తోందో లేదో రిసీవర్ తెర చెబుతుంది. ‘డాల్బీ డిజిటల్’, ‘డాల్బీ డిజిటల్ ప్లస్’ అని వచ్చి, ఇన్‌పుట్ వివరాల్లో ఆరు చానెళ్లు కనిపిస్తే గెలిచినట్టే. ‘పీసీఎం 2.0’ అంటే ఎక్కడో తప్పిపోయింది, లేదా ఆ కార్యక్రమమే అంత. ‘ఆల్ చానెల్ స్టీరియో’ అన్న మోడ్‌ను పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ వదిలేయండి. సినిమాకు అది పెడితే సెంటర్ స్పీకర్ పని పోయినట్టే.

7. మైకుతో కొలిపించండి

రిసీవర్ డబ్బాలో చిన్న మైకు వస్తుంది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావ్ అంటారు, పని ఒకటే. మైకును ట్రైపాడ్ మీద, మీ చెవులు ఉండే ఎత్తులో, మీ తల ఉండే చోట పెట్టండి. సోఫా వీపు మీద ఆనించకూడదు, చేత్తో పట్టుకోకూడదు. ఫ్యాన్, ఏసీ, మిక్సీ అన్నీ ఆపండి. స్టవ్ మీద కుక్కర్ ఉంటే దింపేదాకా ఆగండి. మా ఇంట్లో ఓసారి సరిగ్గా సెంటర్ స్పీకర్ వంతుకు కుక్కర్ మూడో విజిల్ వేసింది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

అయిపోయాక దాన్ని గుడ్డిగా నమ్మకండి, మెనూలో ఇవి చూడండి:

- దూరాలు మీ టేపు కొలతలకు దగ్గరగా ఉన్నాయా? సబ్‌వూఫర్ దూరం ఎక్కువ చూపించినా మార్చకండి. దాని లోపలి సర్క్యూట్ వల్ల అయ్యే ఆలస్యాన్ని అలా లెక్కేస్తుంది.
- స్పీకర్లను ‘లార్జ్’ అని పెట్టిందా? అన్నిటినీ ‘స్మాల్’ చేయండి. అవమానమేం కాదు, బాస్ బరువు సబ్‌కి అప్పజెప్పడం అంతే.
- క్రాసోవర్ (ఏ స్థాయికి కింది శబ్దాలు సబ్‌కి పోవాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్. అరచేతిలో పట్టే బుల్లి స్పీకర్లయితే 120 నుంచి 150. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను అన్నిటికంటే పెద్ద అంకె దాకా తిప్పేయండి, లేదా ‘ఎల్ఎఫ్ఈ’లో పెట్టండి.

ఇప్పుడు అసలు మందు: సెంటర్ లెవెల్ ఒకటి నుంచి మూడు డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట ‘నైట్ మోడ్’ లేదా ‘డైనమిక్ రేంజ్’ తగ్గించే ఆప్షన్ ఆన్ చేయండి. పెద్ద చప్పుళ్లు తగ్గి, చిన్న మాటలు పైకొస్తాయి. రిమోట్ డ్యూటీకి నేరుగా పనిచేసే చికిత్స ఇదే.

8. సబ్‌వూఫర్, కింది ఫ్లాటు అంకుల్

మూలలో పెడితే బాస్ ఎక్కువొస్తుంది కానీ ఎక్కువసార్లు అది ఊకదంపుడే. సరైన చోటు పట్టుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బాస్ ఉన్న పాట నడిపించి, మీరు గోడ వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ ప్రతి దెబ్బా విడివిడిగా, ముద్ద కాకుండా వినిపిస్తే అక్కడ సబ్ పెట్టండి. పిల్లలు వీడియో తీస్తారు, తీయనివ్వండి. చోటు మార్చాక ఏడో మెట్టు మళ్లీ చేయాలి.

అపార్ట్‌మెంటులో సబ్‌ను నేరుగా టైల్స్ మీద పెట్టకండి. కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వేస్తే అదురు కొంత తగ్గుతుంది, గాల్లో వెళ్లే బాస్ మాత్రం తగ్గదు. మన నిబంధనల్లో, అంటే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాలకు పరిమితి 45 డెసిబెల్స్. పది దాటాక సబ్ లెవెల్ తగ్గించేయండి. కొత్త ఇంట్లో నేను మొదటి రోజే కింది ఫ్లాటుకెళ్లి నంబర్ ఇచ్చి, ఇబ్బందైతే మెసేజ్ పెట్టమని చెప్పి వస్తాను. సెక్యూరిటీ ఇంటర్‌కామ్ మోగడం కన్నా అది నయం.

9. పరీక్షించండి

రిసీవర్ టెస్ట్ టోన్ నడిపి, శబ్దం ఏ స్పీకర్లోంచి వస్తుందో చూపుడు వేలు అటు చూపించండి. తెర మీద పేరు, మీ వేలు కలవాలి. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ఒకే చోట నుంచి ప్రతి స్పీకర్నీ కొలవండి. ఫోన్ చూపే అంకె నిజం కాకపోవచ్చు, కానీ స్పీకర్ల మధ్య తేడా తెలుస్తుంది. సబ్‌ను దీంతో కొలవకండి, ఫోన్ మైకులకు కింది శబ్దాలు సరిగా అందవు. ముందు రెండు స్పీకర్లే ఉండేలా స్టీరియో మోడ్ పెట్టి ఎవరైనా మాట్లాడే వీడియో వినండి. గొంతు తెర మధ్యలోంచి రావాలి. ఎటూ కాకుండా డొల్లగా తల చుట్టూ తిరిగితే ఒక స్పీకరుకు ఎర్రా నల్లా మారాయి.

పెదాలు ముందు, మాట వెనక అయితే టీవీలోనో రిసీవర్లోనో ‘లిప్ సింక్’ లేదా ‘ఆడియో డిలే’ తగ్గించండి. మాట ముందే వచ్చేస్తుంటే పెంచండి.

సబ్‌లోంచి ‘గూ...’ మని ఆగని హమ్ వస్తే టీవీకి వచ్చే డిష్ కేబుల్ ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే ఆ కేబుల్ ఎర్త్‌కీ ప్లగ్గుల ఎర్త్‌కీ మధ్య ఏర్పడ్డ గ్రౌండ్ లూప్ అది. టీవీ, రిసీవర్, సబ్ మూడూ ఒకే స్పైక్ గార్డులో పెట్టి చూడండి. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను తీసేయమని కొందరు ఎలక్ట్రీషియన్లే చెబుతారు. ఆ పని మాత్రం చేయకండి, షాక్ కొట్టకుండా కాపాడేది ఆ పిన్నే.

చివరి పరీక్ష, మా అమ్మది. తెలిసిన సినిమా పెట్టి, మాటల సీన్‌లో వాల్యూమ్ ఖరారు చేసి, రిమోట్ టీవీ పక్కన పెట్టేసి రండి. ఇంటర్వెల్ లోపు ఎవరూ దానికోసం లేవకపోతే పని అయినట్టు. లేస్తే సెంటర్ ఇంకో డెసిబెల్ పెంచండి.

ఇంకా కొన్ని

రిసీవర్‌ను మూతపడే టీవీ యూనిట్లో పెట్టకండి, పైన కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయి కదా, అప్పుడు ప్లగ్గులతో పాటు డిష్ కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయండి. పిడుగు కరెంటు వైర్లోంచే రావాలని లేదు. ఇంటి ఇన్వర్టర్ మీద ఈ సెట్టు నడపాలంటే ముందు లోడు లెక్క చూసుకోండి.

అంతా అయ్యాక రిసీవర్ వెనక భాగానికీ, సెట్టింగుల పేజీలకూ ఫొటోలు తీసి ఫోన్లో దాచుకోండి. కార్టన్లు, థర్మాకోల్ పారేయకండి, అటక మీద పెట్టండి. ప్యాకర్లు వచ్చిన రోజున సబ్‌ను దుప్పట్లో చుట్టి లారీ ఎక్కిస్తారు. మా రెండో ఇంటికి వెళ్తున్నప్పుడు నాది అలాగే ఎక్కించారు. దాని మీద ఇప్పటికీ ఒక సొట్ట ఉంది.